రైటర్ లస్మయ్య, దొంగ సూరిగాడు, ఒక ఎర్రపుంజు

మా పెద్దబాపు లస్మయ్యకు ఎవరు ఏ బాధ చెప్పుకున్నా దాన్ని ఫిర్యాదుగా రాసుకోకుండా వినడం చేతకాదు. తలనొప్పిగా ఉందంటే లోకంలో ఎవరైనా మాత్ర ఇస్తారు. ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత పంటితో లాగి, "పేరు?" అంటాడు.

నేను ఆయన సొంత తమ్ముడి బిడ్డను. నాకు ఆ పేరు పెట్టిందే ఆయన. అయినా చెప్పాల్సిందే.

"సృజన."

"తండ్రి పేరు?"

"మీ తమ్ముడే గదా పెద్దబాపూ."

"తమ్ముడు అని రాస్తే కోర్టుల చెల్లది బిడ్డా. పేరు చెప్పు."

"కుమార్."

"నొప్పి ఎన్ని గంటలకు షురువైంది? ఎవరి మీదనన్న అనుమానం ఉన్నదా?"

ఈ చివరి ప్రశ్న దాకా వచ్చేసరికి సగం మందికి నొప్పి తగ్గిపోతుంది. మిగతా సగం మందికి నిజంగానే ఎవరో ఒకరి మీద అనుమానం ఉంటుంది. వాళ్ళ కోసం రెండో పేజీ తిప్పుతాడు.

కోరుట్ల దాటి రెండు కిలోమీటర్లు వస్తే మా ఊరు. మోకాళ్ళు అరిగి తాటిచెట్లు ఎక్కడం మానేశాక పెద్దబాపు రోడ్డు మీద చిన్న కిరాణం పెట్టాడు. అగ్గిపెట్టె కోసం వచ్చినవాడు ఊరికే మాటవరసకు, "ఎండలు మండుతున్నయి లస్మన్నా," అన్నాడో, అయిపోయినట్టే. ముందు ఎండ మీద కేసు నమోదవుతుంది. అగ్గిపెట్టె తర్వాత. ఒకసారి ఊరికి కొత్తగా వచ్చిన టీచరమ్మ బస్సు ఆలస్యమైందని అనబోయి ఇరుక్కుపోయింది. బస్సు వచ్చింది, ఆగింది, పోయింది కూడా. ఆమె ఇంకా సాక్షుల పేర్లు చెబుతూనే ఉంది.

మా అక్క శ్రీలత పెళ్ళి రాయికల్‌లో జరిగింది. మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకాయన తన విస్తట్లో మటన్ ముక్కలు పడలేదని అలిగి లేచాడు. ఆయన వెనక ఇంకో పదిమంది లేచారు. మా బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు పెద్దబాపు కుర్చీ లాక్కుని ఆయన ముందు కూర్చున్నాడు.

"పేరు?"

"ఏంది?"

"మీ పేరు బావగారూ. రాసుకోవాలె. ఎన్ని ముక్కలు పడ్డయి?"

"రెండంటే రెండు!"

"బొక్కలా, మెత్తటియా?"

"ఒకటి బొక్క, ఒకటి మెత్తటిది."

"సాక్షులు?"

ఆయన పక్కన కూర్చున్నాయన్ని చూపించాడు. విచారణలో పక్కాయన విస్తట్లో ఏడు ముక్కలు ఉన్నట్టు తేలింది. సాక్షి కాస్తా ముద్దాయి అయ్యాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. మనం చెప్పేదంతా ఒక మనిషి ఎదురుగా కూర్చుని అక్షరం వదలకుండా రాసుకుంటుంటే, ఎవరికైనా ఎంతసేపని కోపం నిలబడుతుంది? చివరికి ఆ పెద్దమనిషి సంతకం పెట్టి, మూడోసారి మటన్ వేయించుకుని తిన్నాడు.

ప్రపంచంలో పెద్దబాపు రాసుకోని ఫిర్యాదు ఒక్కటే. మా పెద్దమ్మ మొగిలవ్వ కూరలో ఉప్పు. ఆమె వండితే ఉప్పు పడాల్సినదానికి ఒక పిడికిలి ఎక్కువే పడుతుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. వడ్డిస్తూ ఎవరూ అడగకముందే, "జర ఉప్పెక్కువైంది, సదురుకోండ్రి," అంటుంది. పెద్దబాపు ఇంకొంచెం అన్నం కలుపుకుంటాడు. పెన్ను జేబులోనే ఉంటుంది.

"నా కూర మీద రాయవేందయ్యా?" అని ఆమె అప్పుడప్పుడు రెచ్చగొడుతుంది.

"ఠాణల పనిచేసేటోళ్ళు ఇంటి కేసులు తీసుకోవద్దు. రూలు."

"ఏ ఠాణ? ఆ ఉత్తుత్తి ఠాణనా?"

ఆ ఠాణా సంగతి చెప్పాలి.

ముప్పై ఏళ్ళ కిందట, తొంభై ఆరులో, 'ఠాణా తలుపు' అని ఒక పోలీసు సీరియల్ వచ్చేది. ప్రతి మంగళవారం రాత్రి, ముప్పై తొమ్మిది వారాలు. ఊరికి రెండో మూడో టీవీలున్న రోజులు కాబట్టి ఒక్కో టీవీ ముందు యాభైమంది కూర్చునేవాళ్ళట. దాని షూటింగంతా మా ఊరి బయట, ఖాళీగా పడున్న ఒక ధాన్యం గోదాములో జరిగింది. ప్రతి ఎపిసోడూ ఒకేలా మొదలయ్యేది. ఠాణా తలుపు తెరుచుకుంటుంది. బల్ల మీద పెద్ద రిజిస్టరు. ఒక చెయ్యి పెన్ను పట్టుకుని ముత్యాల్లాంటి అక్షరాలతో ఫిర్యాదు రాస్తుంటుంది. "పేరు?" అని గొంతు వినిపిస్తుంది. అక్కడినుంచి కథ.

ఆ చెయ్యి మా పెద్దబాపుది.

చెయ్యి మాత్రమే. మొహం వేరే నటుడిది, గొంతు ఇంకొకరిది. ఠాణాలో ఫిర్యాదులు రాసుకునే రైటరు వేషం కట్టిన నటుడి చేతిరాత ఘోరంగా ఉండడంతో డైరెక్టరు తల పట్టుకుని కూర్చున్న పొద్దున, పెద్దబాపు యూనిట్‌కు కల్లు తెచ్చి, పక్కన చెట్టు కింద ఎవరికో దుబాయి ఉత్తరం రాసిపెడుతున్నాడు. మా ఊళ్ళో అప్పుడు సగం ఇళ్ళ మగవాళ్ళు దుబాయిలో. ఆ ఉత్తరాలన్నీ పెద్దబాపు రాసినవే. డైరెక్టరు వెనకనుంచి తొంగి చూసి, "ఈ చెయ్యి నాకు కావాలి," అన్నాడట. బొటనవేలి మొదట్లో కల్లు గీసే కత్తి తెగిన మచ్చ ఉంటే దాని మీద పౌడరు కొట్టి, ముప్పై తొమ్మిది వారాలు రాష్ట్రమంతటికీ చూపించారు.

"ఏ చెయ్యో, ఎవరి చెయ్యో," అంటుంది పెద్దమ్మ. "మొకం చూపెడితే నమ్ముతం. చెయ్యిని చూసి మొగడని ఎవతి గుర్తుపడతది?"

ఈ మాట వచ్చిందంటే పెద్దబాపు లేచి కొట్లోకి పోతాడు.

ఈ సంవత్సరం జగిత్యాలలో ఆ సీరియల్‌కు ముప్పై ఏళ్ళ వేడుక చేయాలని మధుకర్ సార్ తలపెట్టారు. డిగ్రీలో నాకు తెలుగు చెప్పిన సారే. చిన్నప్పుడు ఒక్క మంగళవారం కూడా తప్పనివ్వలేదట. "తెర వెనక కథంతా ఒక వ్యాసంగా రాయమ్మా, వేడుక సంచికలో వేద్దాం," అన్నారు. మనుషుల దగ్గరికి పోయి మాట్లాడడమంటే నాకు నోరు పెగలదు. కానీ తెలుగు ఎం.ఏ. చేసి ఇంట్లో కూర్చున్న దాన్ని, కాదనడానికీ నోరు పెగలలేదు.

అలా వారం రోజులు తిరిగాను. చాలా తెలుసుకున్నాను. పోలీసు జీపుకు ఇంజను లేదు. నలుగురు కానిస్టేబుళ్ళు వెనకనుంచి నెట్టేవాళ్ళు. అందుకే వెంటాడే సీన్లన్నింటిలో ఎస్సై ఒక్కడే కనబడతాడు. లాకప్ ఊచలు నల్లరంగు వేసిన నీళ్ళ పైపులు. దొంగ సూరిగాడి వేషం వేసిన సాయినాథ్ ఒకసారి బాధ ఎక్కువై వాటిని గట్టిగా పట్టుకుంటే రెండూ వంగిపోయాయి. చేసేది లేక ఆ వారం కథలో సూరిగాడు తప్పించుకున్నాడు. జనం దాన్ని గొప్ప మలుపు అనుకున్నారు.

యూనిఫారాల సంగతి కోసం సిరిసిల్ల పోయాను. వాటిని కుట్టిన రమేశ్ అనే ఆయన ఇంకా మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. నన్ను చూసి ఎవరో పెళ్ళికూతురు జాకెట్టు కొలతలకు వచ్చిందనుకున్నాడు. సీరియల్ పేరు చెప్పగానే పకపకా నవ్వాడు.

"ఖాకీ ఎక్కడిది బిడ్డా? గది లంగాల గుడ్డ. మా సిరిసిల్ల సాంచెల మీద గప్పుడు నేసేది గదే. రంగు ముంచి కుట్టిచ్చిన. ఉతికినకొద్ది తెల్లగయ్యింది. ఆఖరికి ఎస్సై నిమ్మకాయ లెక్క ఉండె."

"టీవీలో ఎవరూ గుర్తుపట్టలేదా?"

"నల్ల తెల్ల టీవీలల్ల ఏం కనబడతది! గని మీ సెట్టింగు మీద ఒకటి మాత్రం నాకు సమజ్ గాకపోయేది. నేను తెల్లారంగనే మొదటి బస్సుకు బట్టలిద్దమని అస్తుంటి. యాక్టర్లు ఇంక రాకపోయెటోళ్ళు. గానీ ఠాణ ముంగట లైను ఉండేది. ముసలోళ్ళు, ఆడోళ్ళు. జూనియర్ ఆర్టిస్టులనుకున్న. ఒకామెను అడిగితే నిజంగ ఏడ్సింది. మేక వోయిందట."

"నిజం మేకా?"

"మరి యాక్టింగు మేకకు ఎవలన్న గట్ల ఏడుస్తరా?"

ఇంటికి వచ్చి పెద్దబాపును అడిగాను. ఆయన కొట్లో చక్కెర పొట్లం కడుతున్నాడు. దారం చేతిలోనే ఆగిపోయింది.

"గా దర్జీకి ఇంక యాదున్నదా?" అన్నాడు.

జరిగింది ఇది. చేతి షాట్లన్నీ నటులు రాకముందే, పొద్దున్నే తీసేవాళ్ళు. డైరెక్టరు, కెమెరామన్, ఈయన, అంతే. ఏడో ఎపిసోడు తీస్తుండగా ఒక రైతు నేరుగా లోపలికి వచ్చి, బల్ల ముందు చేతులు కట్టుకుని, తన మోటారు స్టార్టరు ఎవరో ఎత్తుకుపోయారని చెప్పుకున్నాడు. పెద్దబాపు అలవాటుగా "పేరు?" అన్నాడు. డైరెక్టరు కెమెరా ఆపలేదు. అయిపోయాక, "ఎంత సహజంగా చేశాడు! ఎవరు పంపించారు ఇతన్ని?" అన్నాడు. ఎవరూ పంపలేదు. బయట పోలీస్ ఠాణా అని బోర్డు ఉంది, జీపు ఉంది. ఆ రోజుల్లో అసలు ఠాణా మెట్లెక్కాలంటే ఎవరికైనా కాళ్ళు వణికేవి. ఇక్కడి పోలీసులేమో చాయ్ తాగుతూ, బీడీలు పంచుకుంటూ, నవ్వుతూ పలకరిస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో 'మంచి ఠాణా' అని పేరు పడిపోయింది.

"ఇది ఉత్తుత్తి ఠాణా అని చెప్పకపోయారా?"

"చెప్పుదమనే నోరు తెరిచిన. ఎనిమిది కిలోమీటర్లు నడిచి అచ్చిండు బిడ్డా. రాసుకుంటుంటే ఆయన మొకం చూసిన. అంతకుముందు ఆయన చెప్పింది ఎవలు రాసుకోలే. ఇగ ఎట్ల చెప్పాలె?"

"మరి స్టార్టరు?"

"దొరికింది."

"ఎట్లా?"

పెద్దబాపు చూపుడువేలు పైకెత్తాడు. దేవుడని అనుకున్నాను. ఆయన చూపించింది తాటిచెట్టును.

"పొద్దుగాల గంత ఎత్తుకు ఎక్కితే ఊరంత కనబడతది. ఎవల కొట్టంల ఏమున్నది, ఎవల పెరట్ల ఎవల మేక ఉన్నది. దిగి పోయి తీసినోని చెవుల చెప్పేది. ఠాణల రాసిన్రు, నీ పేరు ఇంక ఎక్కలే, తెల్లారేవరకు వాళ్ళ గోడకాడ పెట్టు అని. పెట్టేటోళ్ళు."

ఆ రిజిస్టరు ఇంకా ఆయన దగ్గరే ఉంది. నల్ల సందూకు పెట్టెలో, పాత దుప్పటి అడుగున. ఈ మాట ఫోన్లో చెప్పగానే మధుకర్ సార్ కేకేశారు. సీరియల్ టేపులన్నీ తేమకు పాడైపోయాయి. ఎవరో ఇంట్లో పట్టుకున్న రెండు ఎపిసోడ్లు దొరికితే వాటిలో చెయ్యి ఒక మసక మచ్చ. పైగా ఆ చెయ్యి మాదేనంటూ అప్పటికే ముగ్గురు ఫోన్ చేశారట. "రిజిస్టరు తీసుకురా సృజనా. వేదిక మీద తెరిచి చూపిద్దాం. మీ పెద్దబాపుకు అందరి ముందూ శాలువా కప్పుతాను," అన్నారు.

పెద్దబాపు ఆ సాయంత్రమే కోరుట్ల పోయి కొత్త చొక్కా తెచ్చుకున్నాడు. జేబు పెద్దదిగా ఉండాలని అడిగి మరీ తెచ్చుకున్నాడు. అద్దం ముందు నిలబడి మొహం చూసుకోలేదు, కుడిచెయ్యి చూసుకున్నాడు. పెద్దమ్మ కూడా ఆ రోజు వెక్కిరించలేదు. "నిజంగ నీ చెయ్యేనా అయ్యా?" అని మాత్రం అడిగింది. "శుక్రవారం చూస్తవు గదనే," అన్నాడు. ఆయన గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు.

గురువారం పొద్దున సందూకు తెరిచి రిజిస్టరు నా ఒళ్ళో పెట్టాడు. నూట పద్నాలుగు ఫిర్యాదులు. మేకలు, స్టార్టర్లు, బిందెలు, ఒక సైకిలు, ఆరేసిన చీరలు. గళ్ళు గీసి, వేలిముద్రలతో సహా. చివరి గడి 'నేరస్తుడు'. చదువుతూ పోయాను. ఒకటో కేసు నేరస్తుడు సూరిగాడు. రెండోది సూరిగాడు. పదో కేసు, యాభయ్యో కేసు, నూట పద్నాలుగో కేసు... సూరిగాడు.

"పెద్దబాపూ, సూరిగాడు సీరియల్లో దొంగ గదా!"

"అవు."

"ఈ మేకను కూడా అతనే..."

"ఆయన పాపం హైదరాబాదు నుంచి అచ్చిన యాక్టరు. మేకను దగ్గరికెల్లి చూసిండో లేడో." పెద్దబాపు గొంతు తగ్గించాడు. "గడి ఖాళీగ పెడితే ఎవలు తీసిన్రు, ఎవలు తీసిన్రు అని ఒకలనొకలు అనుమానపడుతున్నరు. అసలు పేరు రాస్తే తలలు పలుగుతయి. అన్నది తమ్ముడే తీసిండు, అత్తది కోడలే తీసింది. సూరిగాని పేరు రాస్తే ఊరంత కలిసి వాన్ని తిట్టుకున్నరు. టీవీల వాడు దెబ్బలు తింటుంటే సల్లవడ్డరు."

"అసలు పేర్లు ఎక్కడ రాశారు?"

ఆయన తన నెత్తి మీద వేలితో కొట్టుకున్నాడు.

నలభై ఏడో కేసు దగ్గర ఆగాను. ఫిర్యాది పోశవ్వ. పోయింది ఎర్రపుంజు. నేరస్తుడు సూరిగాడు. పరిష్కారం: 'ఠాణా నుంచి బదులు పెట్ట ఇప్పించడమైనది.'

పోశవ్వ మా ఎదురింటి ముసలమ్మ. ఆమె, మా పెద్దమ్మ ఒకే అరుగు మీద ముప్పై అయిదేళ్ళుగా బీడీలు చుడుతున్నారు.

"ఠాణాలో కోళ్ళు ఎక్కడివి పెద్దబాపూ?"

"గిన్ని ప్రశ్నలు అడిగేది రైటరు బిడ్డా. నువ్వు గాదు."

అంటూనే ఏదో తట్టినట్టు ఆయన మొహం మారిపోయింది. నా ఒళ్ళోంచి రిజిస్టరు మెల్లగా తీసుకున్నాడు.

"సారుకు చెప్పు. ఇది రాదు."

"అయ్యో, ఎందుకు? అందులో అసలు పేర్లు లేవు కదా!"

"సూరిగాడు యాక్టరని ఇయ్యాల ప్రతి పొల్లగానికి ఎరుకే. రేపు ఆయనే అచ్చి స్టేజి మీద నిలవడతడు. ఇది తెరిస్తే ఎవలైన అడిగే మొదటి మాట ఏంది? వీడు తియ్యకపోతే మరి ఎవలు తీసిన్రు? ముప్పై ఏండ్లకెల్లి ఒక్క పళ్ళెంల తింటున్నరు బిడ్డా."

"మరి శాలువా?"

"ఎండకాలం శాలువ ఏం జేసుకుంట?" అని సందూకు మూత వేశాడు. తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. చొక్కా మాత్రం శుక్రవారం వేసుకున్నాడు.

జగిత్యాల ఫంక్షన్ హాలుకు మేం నలుగురం ఆటోలో పోయాం. భోజనాలున్నాయని పెద్దమ్మ పోశవ్వను కూడా తీసుకొచ్చింది. ఇద్దరూ ముందు వరసలో ఫ్యాను కింద కూర్చున్నారు. పెద్దబాపు చివరి వరసలో, గోడ పక్కన.

సాయినాథ్ ఇప్పుడు కరీంనగర్‌లో పిల్లలకు నాటకాలు నేర్పుతున్నాడు. జుట్టంతా తెల్లబడినా ఆ దొంగచూపు అలాగే ఉంది. ఆయన లాకప్ పైపుల కథ చెబితే హాలంతా పగలబడి నవ్వింది. తర్వాత మధుకర్ సార్ మైకు తీసుకున్నారు.

"ఈ సీరియల్‌లో అందరికన్నా ఎక్కువ ఎపిసోడ్లలో కనబడింది ఒక చెయ్యి. అది ఎవరిదో మాకు రుజువు దొరకలేదు. ఆ చెయ్యి ఈ హాల్లో ఉంటే దయచేసి పైకి లేవాలి."

నాలుగు చేతులు లేచాయి. ఫోన్ చేసినవాళ్ళు ముగ్గురే. నాలుగో ఆయన అప్పటికప్పుడు ఉత్సాహపడ్డాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దబాపు కుడిచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నాడు.

అప్పుడు ముందు వరసలోంచి పోశవ్వ లేచింది. కొంగు నడుముకు చెక్కింది. వేదిక మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, సాయినాథ్ ముందు నిలబడి, చెయ్యి తిప్పి అడిగింది.

"ఏమిరా సూరిగా, నా ఎర్రపుంజు ఏది?"

హాలు గొల్లుమంది. సాయినాథ్ తెల్లబోయాడు.

"ఏ పుంజు అవ్వా?"

"ఏ పుంజా? ఠాణల రాసున్నది. నలుబై ఏడో కేసు. నీ పేరే రాసిన్రు."

మధుకర్ సార్ మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఎవరు రాశారవ్వా?"

"ఎవలేంది, లస్మయ్య! బల్ల ముంగట కూసోని రాసిండు. నా ఏలిముద్ర గూడ ఏసుకున్నడు. బొటనేలి కింద కత్తి తెగిన మచ్చ ఉండె, నాకు యాదున్నది. గీ లేసిన చేతులల్ల ఏదన్న చెట్టెక్కిన చెయ్యి ఉన్నదా? ఉంటే చూపెట్టుండ్రి!"

నాలుగు చేతులూ కిందికి దిగాయి. హాల్లో వెనకనుంచి ఒక ముసలాయన అరిచాడు: "నా మోటరు స్టార్టరు గూడ లస్మయ్యనే రాసుకున్నడు!" ఇంకెవరో, "నా సైకిలు!" అన్నారు. అందరి తలలూ చివరి వరస వైపు తిరిగాయి. ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన క్షణం అది. కానీ పెద్దబాపు ఆ తలలను చూడడం లేదు. ఆయన చూపంతా సాయినాథ్ నోటి మీద ఉంది.

ఎందుకంటే సాయినాథ్, "అయ్యో అవ్వా, నేను ఉత్త యాక్టర్..." అని మొదలుపెట్టేశాడు.

పెద్దబాపు లేచి నిలబడ్డాడు. తొడ కిందనుంచి బయటికొచ్చిన ఆ కుడిచెయ్యి గాల్లో అడ్డంగా ఊగింది, వద్దు వద్దని. తర్వాత రెండు చేతులూ కలిసి దండంగా మారాయి. ముప్పై తొమ్మిది వారాలు మొహం లేకుండా నటించిన చెయ్యి కదా, దానికి మాటలతో పనిలేదు.

సాయినాథ్ ఒక్క క్షణం ఆ చేతులను చూశాడు. ఆ తర్వాత ఆయన భుజాలు వంగిపోయాయి, చూపు నేల మీదికి దిగింది. మా అందరి కళ్ళ ముందే తెల్లజుట్టు పెద్దమనిషి పోయి సూరిగాడు వచ్చాడు.

"తప్పయింది అవ్వా. ఆకలై తిన్నాను."

"ఒక్కనివే తిన్నవా?"

"ఒక్కణ్ణే."

"పులుసా, వేపుడా?"

"పు... పులుసు."

"ఉప్పు సరిపోయిందా?"

సాయినాథ్ జవాబు వెతుక్కుంటుండగా ముందు వరసలోంచి, ఫ్యాను కిందనుంచి, మా పెద్దమ్మ గొంతు నిత్యం వడ్డించేటప్పటిలాగే స్పష్టంగా వినిపించింది.

"జర ఎక్కువైంది."

అని, చేత్తో నోరు మూసుకుంది.

హాలు మళ్ళీ గొల్లుమంది. ముసలమ్మలు భలే హాస్యం ఆడుతున్నారనుకున్నారు. నాకు మాత్రం నలభై ఏడో కేసు మొత్తం ఒక్కసారిగా అర్థమైంది. ఆ పుంజు ఉడికింది మా పెద్దబాపు ఇంట్లో. ఠాణాలో కోళ్ళు ఎక్కడివని నేను అడిగితే, రైటరు ఎందుకు ఎదురు ప్రశ్నించొద్దన్నాడో కూడా.

మిగతాది చకచకా జరిగింది. పెద్దబాపును భుజాలు పట్టి వేదిక ఎక్కించారు. ఎండాకాలమైనా శాలువా కప్పారు. సాయినాథ్ ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. మధుకర్ సార్ మైకు ఇచ్చి, "నాలుగు మాటలు చెప్పండి," అన్నారు. పెద్దబాపు హాలంతా కలయజూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"పేరు?" అన్నాడు.

చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు.

తిరుగు ప్రయాణానికి ఆటో ఎక్కాం. పెద్దమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి చూస్తోంది. కోరుట్ల దాటాక తట్టుకోలేకపోయింది.

"పోశవ్వొదినే... గా పుంజు గోడ దూకి మా పెరట్లకు అచ్చింది. ఎవలదో తెల్వలే. సుట్టాలొచ్చిన్రు. కోసిన. నీదని తెలిసెసరికి..."

"పులుసయ్యింది," అంది పోశవ్వ. "ఈకలు మీ పెంటకుప్ప మీద గా దినమే చూసిన మొగిలీ."

పెద్దమ్మ కొంగు జారిపోయింది. పెద్దబాపు పెన్ను కోసం జేబులో పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఎరుకయ్యి గూడ ఠాణకెందుకు పోయినవే?"

"నిన్నడిగితే ఏడ్సి ఊకుందువు. ఠాణల చెబితే నీ మొగడు పెట్టను కొనిచ్చిండు. మూడేండ్లు గుడ్లు తిన్న." పోశవ్వ పెద్దబాపు శాలువా అంచు పట్టుకుని నాణ్యం చూసింది. "ఇయ్యాలగూడ నేను లేవకపోతే శాలువ ఎవనికో పోయేది. చెయ్యి తొడ కింద పెట్టుకోని కూసుంటడా మనిషి!"

"అంటే సూరిగాడు కాదని నీకు..." అంది పెద్దమ్మ.

"వాడు పాపం, పైపులు వంచేటోడు. వానికి పుంజు దొరుకుతదా?"

పెద్దమ్మ ముందు ఏడవబోయి, మధ్యలో నవ్వబోయి, చివరికి మొగుడి కుడిచేతిని లాక్కుని బొటనవేలి మొదట్లో ఉన్న మచ్చను చాలాసేపు చూసింది. "గీ చెయ్యేనా," అంది. అది ప్రశ్న కాదు.

ఇంటికి రాగానే పెద్దబాపు సందూకు తీశాడు. నలభై ఏడో కేసు తెరిచి, సూరిగాడి పేరును ఒక్క గీతతో కొట్టేశాడు. అసలు పేరు రాస్తాడేమోనని పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబడింది. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో ఆ గడి నింపాడు. నేను భుజం మీదినుంచి చదివాను.

'నేరస్తుడు: పుంజు. అనుమతి లేకుండా గోడ దూకినందుకు.'